సూరత్ సంగతులు – 11: బడి వదిలిన మెహతాజీలు

గత భాగాన్ని దుర్గారాం మెహతాజీ దగ్గర ఆపాను. 1844లో సూరత్‌లో మానవ ధర్మ సభ పెట్టి, దయ్యాలూ చేతబడులూ నిజమైతే తన ముందు చేసి చూపించమని మంత్రగాళ్ళకు సవాలు విసిరిన బడిపంతులు ఆయన. అసలు ఇంటిపేరు దవే. మెహతాజీ అన్నది పేరు కాదు, పని. గుజరాత్‌లో లెక్కలు రాసే గుమాస్తాను మెహతా అనేవారు, పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి గౌరవంగా మెహతాజీ అనేవారు. మన ఊళ్ళలో ‘పంతులుగారు’ అనే మాట ఎలా ఇంటిపేరుని మింగేస్తుందో అక్కడా అంతే.

ఈ ఊరికి పంతుళ్ళ జబ్బు ఒకటుంది. బడిలో కుదురుగా ఉండరు. దుర్గారాం బడి దాటి వీధిలోకి వచ్చాడు. కవి నర్మద్ 1858లో బడి ఉద్యోగం వదిలేసి, ఇక కలమే నాకు దిక్కని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి ఇంకో ఇద్దరు బడి వదిలారు. వాళ్ళు కవులు కారు, పండితులు కారు, పెద్ద వక్తలుగానూ ఎవరూ చెప్పుకోరు. కానీ గుజరాత్‌లో జాతీయోద్యమం పల్లెల్లోకి ఎలా దిగిందో తెలియాలంటే నర్మద్ కంటే కూడా ఈ ఇద్దరినే ముందు చదవాలని నా అభిప్రాయం. పేర్లు కున్వర్జీ విఠల్‌భాయి మెహతా, కల్యాణ్‌జీ విఠల్‌భాయి మెహతా. అన్నదమ్ములు. అన్న కథ బార్డోలీ దాకా నడుస్తుంది. తమ్ముడి కథ గుజరాత్ శాసనసభ స్పీకరు కుర్చీ దాకా వెళుతుంది.

సూరత్‌కు దక్షిణాన, నవసారి వెళ్ళే దారిలో వాంఝ్ అనే ఊరు వాళ్ళది. కులం పాటీదార్, అంటే కాపుదనం చేసుకునే పటేళ్ళు. పాటీదార్లకు మెహతా అనే ఇంటిపేరు అంతగా వినపడదు. ఆ పేరు వాళ్ళకు ఎలా వచ్చినా, పనికి మాత్రం అతికినట్టు సరిపోయింది. ఇద్దరూ సర్కారు ప్రాథమిక బడుల్లో పంతుళ్ళుగా చేరారు. కున్వర్జీ బార్డోలీ తాలూకా వరాడ్ ఊళ్ళో చదువు చెప్పాడు.

ఆ రోజుల్లో పల్లెటూరి బడిపంతులు ఎలాంటివాడో ఒకసారి ఊహించుకోండి. ఊళ్ళో సర్కారు మనుషులు ఇద్దరు ముగ్గురే. శిస్తు లెక్కలు రాసే తలాటి (మన కరణం అనుకోండి), పోలీసు పటేలు, ఈ పంతులు. మొదటి ఇద్దరినీ చూస్తే జనానికి భయం. పంతుల్ని చూస్తే భయం లేదు, పని ఉంది. ఉత్తరం చదివిపెట్టాలి, అర్జీ రాసిపెట్టాలి, నోటు మీద వడ్డీ ఎంతైందో చూసి చెప్పాలి. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఏ కుర్రాడు ఆఫ్రికా వెళ్ళాడు, ఎవరి పొలం ఎవరి దగ్గర తాకట్టులో ఉంది అన్నది తలాటి దస్తరంలో కంటే పంతులు బుర్రలో ఎక్కువ సరిగా ఉండేది. ఆఫ్రికా మాట ఊరికే అనలేదు. సూరత్ జిల్లా పాటీదార్ల ఇళ్ళ నుంచి చాలామంది దక్షిణాఫ్రికా వెళ్ళి సంపాదించి డబ్బు పంపేవారు. నల్లరేగడిలో పత్తి, ఓడ మీద వచ్చే మనియార్డరు, ఈ రెండింటితో పల్లెల్లో పెంకుటిళ్ళు లేచాయి. ఆ పెంకుటిళ్ళే తర్వాత పెద్ద తగాదాకు సాక్ష్యమయ్యాయి, అక్కడికి వస్తాను.

1907 డిసెంబర్‌లో సూరత్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. తాపీ నది ఒడ్డున పందిరి, అధ్యక్ష స్థానంలో రాస్‌బిహారీ ఘోష్, వేదిక మీద తిలక్. ఎవరో విసిరిన దక్కనీ చెప్పు వేదిక మీద సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగలడం, కుర్చీలు లేవడం, కాంగ్రెస్ రెండుగా చీలడం మనందరికీ పాఠ్యపుస్తకంలో ఉన్న కథే. ఆ గొడవ గురించి ఈ ధారావాహికలో ఇప్పటికే రెండు భాగాలు రాశాను, మళ్ళీ రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. పెద్దవాళ్ళు కుర్చీలు విసురుకుని రైలెక్కి వెళ్ళిపోయారు. ఆ జిల్లాలో ఉన్న కుర్రకారుకు మిగిలింది ఒక ప్రశ్న: సభ అయిపోయింది సరే, ఇప్పుడు మనం ఏం చేయాలి?

మెహతా సోదరుల జవాబు ఒక వసతిగృహం.

1908లో పాటీదార్ యువక మండలి మొదలైంది. ‘పటేల్ బంధు’ అనే పత్రిక వచ్చింది, కున్వర్జీ దాని సంపాదకుడు. సర్కారు ఉద్యోగం చేస్తూ ఇలాంటి పనులు ఎంతోకాలం సాగవు. ఆయన బడి వదిలేశాడు. 1911లో సూరత్‌లో పాటీదార్ ఆశ్రమం తెరిచారు. పేరు ఆశ్రమమే గానీ అందులో మునులు ఎవరూ లేరు. పల్లెల నుంచి సూరత్ హైస్కూళ్ళకు వచ్చే పాటీదార్ పిల్లలు ఉండి చదువుకునే చోటు. దాన్ని నడిపే బరువులో పెద్ద పాలు తమ్ముడు కల్యాణ్‌జీ నెత్తిన పడింది.

మనవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టింది దేనికి? పల్లె పిల్లవాడికి పట్నంలో తలదాచుకునే చోటు లేక చదువు ఆగిపోతోందనే. ఆ హాస్టల్ గదుల్లోంచి ఎందరు రాజకీయాల్లోకి వచ్చారో తెలంగాణ చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. పైకి కులం వాళ్ళ సత్రంలా కనపడుతుంది. లోపల జరిగే పని వేరు. సూరత్‌లోనూ అంతే. అప్పటికే అనావిల్ బ్రాహ్మణ పిల్లల కోసం దయాళ్‌జీ దేశాయి ఒక ఆశ్రమం నడుపుతున్నాడు. అనావిళ్ళు ఆ జిల్లాలో పెద్ద భూస్వాములు, పాటీదార్లు వాళ్ళతో పోటీపడి పైకొస్తున్న కాపులు. మామూలుగా అయితే రెండు హాస్టళ్ళ వార్డెన్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. వీళ్ళు స్నేహితులయ్యారు. ఎంత స్నేహితులంటే జిల్లాలో జనం ‘దలు–కలు’ జంట అని ముద్దుగా పిలిచేవారు. దయాళ్‌జీ దలు, కల్యాణ్‌జీ కలు.

హాస్టల్ నడపడం అంటే ఏమిటో నడిపినవాడికే తెలుస్తుంది. నెల మొదట్లో బియ్యం లెక్క, నెలాఖర్లో పప్పు లెక్క. రాత్రి పూట హాజరు. జ్వరం వచ్చిన పిల్లవాడి తండ్రికి కార్డు ముక్క. ఫీజు బాకీ ఉన్నవాడి ఊరు వెళ్ళి ఆ తండ్రి మంచం మీద కూర్చుని, బాకీ సంగతి ఎత్తకుండా పత్తి పంట గురించి అరగంట మాట్లాడటం. ఇలా పదేళ్ళు గడిచేసరికి కల్యాణ్‌జీకి తెలియని పాటీదార్ గ్రామం జిల్లాలో ఉండే అవకాశం లేదు. ప్రతి ఊళ్ళో ఆశ్రమంలో చదివిన ఒక కుర్రాడు, ఆ కుర్రాడికి ఒక తండ్రి, ఇద్దరు మేనమామలు. రాజకీయ పార్టీలు ఇప్పుడు కోట్లు ఖర్చుపెట్టి కట్టుకునే బూత్ కమిటీ ఇదే. కాకపోతే అప్పటికి వీళ్ళకు దాన్ని దేనికి వాడాలో పూర్తిగా తెలియదు.

తెలిసేలా చేసినవాడు 1915లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చాడు. 1916 జనవరి మొదట్లో గాంధీ సూరత్ వచ్చి ఆర్య సమాజం మందిరం ప్రారంభోత్సవంలో మాట్లాడాడు. మెహతా సోదరుల మీద అప్పటికే ఆర్య సమాజం గాలి ఉంది. పైగా ఆఫ్రికా నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈ గాంధీ బారిష్టరు పేరు వినని పాటీదార్ ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ. మిగతా గుజరాత్‌కు గాంధీ పత్రికల ద్వారా తెలిస్తే, వీళ్ళకు మేనమామ ఉత్తరం ద్వారా తెలుసు. ఈ తేడా చిన్నది కాదు.

1921 చివర్లో గాంధీ దేశంలో ఏదో ఒక తాలూకాలో పన్నుల నిరాకరణ మొదలుపెట్టాలనుకున్నాడు. ఖేడా జిల్లా ఆనంద్ ఒక అభ్యర్థి, సూరత్ జిల్లా బార్డోలీ రెండోది. ఖేడా అప్పటికే 1918లో పోరాడి పేరు తెచ్చుకుంది. బార్డోలీకి ఏ పేరూ లేదు. దాన్ని గాంధీ ముందుకు తోసి, మా తాలూకా సిద్ధంగా ఉంది అని ఒప్పించిన వాళ్ళు కున్వర్జీ, కల్యాణ్‌జీ, దయాళ్‌జీ. గాంధీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఖద్దరు కట్టారా, అంటరానివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకున్నారా, హిందూ ముస్లింలు కలిసి ఉన్నారా అని ఒక్కొక్కటే అడిగాడు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చిన బడిలాగా మారింది తాలూకా. 1922 జనవరి 29న బార్డోలీ సభ పోరాటానికి తీర్మానం చేసింది. ఫిబ్రవరి 1న వైస్రాయి రీడింగ్‌కు గాంధీ అక్కడి నుంచే ఉత్తరం రాశాడు.

ఇక్కడ మన గుంటూరు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? సరిగ్గా అదే సమయంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి ఆధ్వర్యంలో రైతులు శిస్తు కట్టడం మానేసి కూర్చున్నారు. బార్డోలీ ఇంకా తీర్మానాల్లో ఉంటే పెదనందిపాడు పొలాల్లో ఉంది. బార్డోలీ మొదలుకాకముందే ఇంకెక్కడా మొదలుపెట్టవద్దన్నది గాంధీ పట్టు. ఇంతలో ఫిబ్రవరి మొదటి వారంలో చౌరీ చౌరాలో 22 మంది పోలీసులు మంటల్లో చనిపోయారు. బార్డోలీలోనే కాంగ్రెస్ కార్యవర్గం కూర్చుని ఉద్యమాన్ని నిలిపేసింది. గుంటూరు వాళ్ళ నోటి దగ్గర కూడు తీసినట్టయింది. బార్డోలీ వాళ్ళకు ముద్ద కలపకముందే విస్తరి ఎత్తేశారు. ఎవరి బాధ ఎక్కువో తేల్చడం నా వల్ల కాదు, తెలుగువాణ్ణి కనుక నా తీర్పు చెల్లదు కూడా.

నాకు ఆసక్తి ఆ తర్వాతి ఆరేళ్ళ మీద. చాలా పుస్తకాలు 1922 నుంచి ఒక్క గెంతులో 1928కి వెళ్ళిపోతాయి. అసలు పని మధ్యలో జరిగింది. పోరాటం ఆగింది కదా అని కార్యకర్తలు ఇళ్ళకు పోలేదు. బార్డోలీ, సర్భోణ్, మఢీ, వేడ్‌ఛీ లాంటి చోట్ల ఆశ్రమాలు పెట్టుకుని కూర్చున్నారు. రాట్నాలు, రాత్రి బడులు, మద్యం మాన్పించే భజనలు. వినడానికి నీరసంగా ఉంటుంది, పంతులు పని ఎప్పుడూ అంతే.

ఆ తాలూకా జనంలో సగానికి పైగా ఆదివాసులు, దళితులు. అగ్రకులాల వాళ్ళు తమను ‘ఉజళీపరజ్’ అనుకునేవారు, అంటే తెల్లటి జనం. మిగతావాళ్ళు ‘కాళీపరజ్’, నల్లటి జనం. ఈ కాళీపరజ్‌లో దుబ్లాలు అనేవారు తరతరాలుగా పాటీదార్ల, అనావిళ్ళ పొలాల్లో కట్టు కూలీలు. పెళ్ళికి అప్పు తీసుకున్నవాడు దాన్ని తీర్చడానికి జీవితాంతం యజమాని నాగలి పట్టాలి. కొడుక్కి పెళ్ళీడు వస్తే మళ్ళీ అప్పు, కొడుకు మెడకు అదే కాడి. ‘హాలీ’ పద్ధతి అనేవారు. తెలంగాణ పెద్దలకు బగేలా అంటే వెంటనే అర్థమవుతుంది, మాట మారిందే గాని ముడి ఒక్కటే.

కున్వర్జీ ఏం చేశాడంటే, తన వయసులో, ఆదివాసుల మాట నేర్చుకున్నాడు. కేశవ్‌జీ గణేశ్‌జీ అనే సహచరుడితో కలిసి, వాళ్ళలోనే కొంచెం చదువుకున్నవాళ్ళను కూర్చోబెట్టుకుని, ఆ మాటలోనే పాటలూ వచనమూ తయారుచేశాడు. ‘కాళీపరజ్ సాహిత్యం’ అని పేరు పెట్టారు. తాగుడు మానండి, పెళ్ళికి అప్పు చేయకండి, హాలీ ముడిలో ఇరుక్కోకండి అన్నది అందులో సారం. పుస్తకం ఎవరికి రాస్తున్నామో వాళ్ళ నోటి మాటలోనే రాయాలన్నది ఏ ట్రైనింగ్ స్కూల్లోనూ ఆ రోజుల్లో చెప్పి ఉండరు. మన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవరల మాట నేర్చుకుని వాళ్ళకు వాచకాలు రాసింది ఇంకా ముందు. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగి ఉండరు. పంతుళ్ళ బుద్ధి పంతుళ్ళకు పుడుతుంది, అంతే.

1922 నుంచి ఏటా కాళీపరజ్ సభలు జరిగాయి. 1927 సభకు గాంధీ అధ్యక్షత వహించాడు. నల్లవాళ్ళు అనే పేరును తీసేసి ‘రానీపరజ్’, అడవి జనం, అని మార్చారు. నరహరి పారిఖ్, జుగత్‌రామ్ దవే విచారణ చేసి హాలీ పద్ధతి మీద గట్టి నివేదిక ఇచ్చారు. భూస్వాములకు ఇది నచ్చలేదు. రాత్రి బడులు పెట్టి మా కూలీలను చెడగొడుతున్నారని ఆశ్రమాల మీద మండిపడ్డారు. ఆ మండిపడిన వాళ్ళలో కార్యకర్తల సొంత కులంవాళ్ళూ ఉన్నారు, ఆశ్రమంలో చదివిన కుర్రాళ్ళ తండ్రులు కూడా ఉండే ఉంటారు. ఇక్కడే మెహతా సోదరుల తాడు రెండు వైపులా లాగబడింది. హాలీలను విడిపిస్తే పట్టాదారు దూరమవుతాడు, పట్టాదారు దూరమైతే శిస్తు పోరాటం లేదు. వాళ్ళు పాటలు రాశారు, బడులు పెట్టారు. కానీ ముడి విప్పే దాకా వెళ్ళలేదు. ఇది నేను కొత్తగా మోపుతున్న నేరం కాదు, బార్డోలీ మీద పరిశోధన చేసినవాళ్ళు చాలామంది అన్నమాటే. అయినా మన ధారావాహికలో ఒకసారి నమోదు కావాలి.

ఇక పెంకుటిళ్ళ తగాదా. 1920ల మధ్యలో బార్డోలీ శిస్తు సవరించడానికి జయకర్ అనే అధికారిని పెట్టారు. ఆయన 30 శాతం పెంచమని రాశాడు. కారణాలు: తాపీ లోయ రైలు వచ్చింది, పత్తి ధర బాగుంది, ఊళ్ళలో మంచి ఇళ్ళు లేచాయి, జనం సుఖంగా ఉన్నారు. ఆ ఇళ్ళలో చాలావాటి వెనక ఉన్నది నల్లరేగడి కాదు, దక్షిణాఫ్రికాలో కొట్టు నడుపుతున్న అన్నో తమ్ముడో. ఆఫ్రికా సంపాదనకు బార్డోలీలో శిస్తు వేయడం ఎక్కడి న్యాయమని రైతులు అడిగారు. కాంగ్రెస్ వాళ్ళు విచారణ సంఘం వేసుకుని లెక్కలు తీశారు. రావు బహదూర్ భీమ్‌భాయి నాయక్ లాంటి బొంబాయి శాసనమండలి సభ్యులు అర్జీలు పెట్టారు, కలిసొచ్చారు, మళ్ళీ అర్జీలు పెట్టారు. 1927 జూలైలో సర్కారు పెంపును దాదాపు 22 శాతానికి దించి, ఇక చాలు పొమ్మంది.

అర్జీల దారి మూసుకుపోయాక 1928 జనవరిలో కల్యాణ్‌జీ, కున్వర్జీ, ఖుశాల్‌భాయి పటేల్ కలిసి అహ్మదాబాద్ వెళ్ళారు. వల్లభ్‌భాయి పటేల్ అప్పుడు అక్కడి మునిసిపాలిటీ అధ్యక్షుడు, అంతకు ముందు సంవత్సరం గుజరాత్ వరదల్లో సహాయం నడిపి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన వెంటనే సరేననలేదు. రైతులు పెంచిన భాగం ఒక్కటే ఎగ్గొడతారా, మొత్తం శిస్తే ఆపుతారా? పొలం పోయినా నిలబడతారా? వెళ్ళి ఊరూరా అడిగి రండి అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు తేవడానికి వేరే జిల్లాలో అయితే నెలలు పట్టేది. ఇక్కడ ఊరూరా ఎవరి అరుగు మీద కూర్చోవాలో కల్యాణ్‌జీకి పదిహేడేళ్ళుగా తెలుసు. ఫిబ్రవరి 4న వల్లభ్‌భాయి బార్డోలీలో దిగాడు. 12న రైతులు ప్రభువు పేరనా ఖుదా పేరనా ప్రమాణం చేసి పోరాటం మొదలుపెట్టారు.

ఆ పోరాటం కథ మీరు ఎన్నోసార్లు విన్నదే: జప్తులు, వేలాలు, తాళాలు వేసిన ఇళ్ళలో మనుషులతో పాటు నెలల తరబడి ఉన్న గేదెలు, బార్డోలీ ఆడవాళ్ళు వల్లభ్‌భాయిని ‘సర్దార్’ అనడం. నేను వేరే చోట చూస్తాను. తాలూకాను ఛావణీలుగా, అంటే శిబిరాలుగా విడగొట్టారు, ఒక్కో దానికి ఒక బాధ్యుడు. సర్భోణ్‌లో రవిశంకర్ వ్యాస్ (ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో పని ఉంది), వరాడ్‌లో మోహన్‌లాల్ పాండ్య. ప్రతిరోజూ సత్యాగ్రహ పత్రిక అచ్చువేసి ఊళ్ళకు పంచారు. ఏ ఊళ్ళో ఎవరు తడబడుతున్నారు, ఏ జప్తు అధికారి ఏ దారిన వస్తున్నాడు అన్న కబురు రాత్రికి రాత్రి కేంద్రానికి చేరేది. గంట, హాజరు, పాఠం, తనిఖీ. ఉద్యమానికి ముఖం సర్దార్‌ది. చేతిరాత మాత్రం మెహతాజీలది.

1928 ఆగస్టులో రాజీ కుదిరింది. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు లెక్క మళ్ళీ తీసి 6.03 శాతం చాలన్నారు. 30తో మొదలైన లెక్క 6కు దిగింది. జయకర్ జవాబు పత్రం మీద ఎర్ర సిరా పడింది.

1930లో గాంధీ ఉప్పు కోసం నడవాలనుకున్నప్పుడు ఎక్కడికి నడవాలన్నది చాలా రోజులు తేలలేదు. ఖేడా వైపు బదల్‌పూర్ అన్న ఆలోచన ముందుండేది. సూరత్ తీరంలో దండి అయితే బాగుంటుందని పట్టుబట్టిన వాళ్ళలో కల్యాణ్‌జీ పేరు ముందు చెప్పుకోవాలి. దండిని గాంధీ కలలో కనిపెట్టలేదు. తన జిల్లా దారులూ, బావులూ, రాత్రి బసకు అరుగులూ తెలిసిన ఒక మాజీ పంతులు దాన్ని దారిలో పెట్టాడు. మార్చి 12న సబర్మతిలో బయలుదేరిన యాత్ర ఏప్రిల్ 1న సూరత్ చేరింది. రెండో తేదీన డిండోలిలో ఆగి (ఇప్పుడది సూరత్ నగరంలో కలిసిపోయింది), ఆ రాత్రి బస వాంఝ్‌లో. విఠల్‌భాయి కొడుకులు పుట్టిన ఊరు. ఏప్రిల్ 5న దండి.

తర్వాత ఏడేళ్ళూ దెబ్బల కాలం. శిస్తు కట్టని బార్డోలీ రైతులు బండ్లు కట్టుకుని పక్కనున్న బరోడా సంస్థానంలోకి వలసపోయారు. భూములు జప్తై వేలానికి పోయాయి. 1937లో బొంబాయిలో బి.జి. ఖేర్ కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గాని ఆ భూములు వెనక్కి రాలేదు. 1938 ఫిబ్రవరిలో బార్డోలీ తాలూకాలోనే, తాపీ ఒడ్డున హరిపురాలో సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది. 1907లో ఈ నది ఒడ్డునే విరిగిన పందిరి ముప్పై ఏళ్ళకు మళ్ళీ లేచింది. ఈసారి పట్నంలో కాదు, పల్లెలో.

భూములు పట్టాదార్లకు తిరిగొచ్చాయి. హాలీకి తిరిగి రావడానికి భూమే లేదు. హాలీలకు విముక్తి అంటూ 1939లో పట్టాదార్లతో ఒప్పందం ఒకటి జరిగింది, కాగితం మీద. పొలంలో నాగలి పట్టింది మాత్రం ఆ తర్వాతా చాలాకాలం అదే చేయి.

1960 మే 1. బొంబాయి రాష్ట్రం రెండుగా విడిపోయి గుజరాత్ పుట్టింది. సబర్మతి ఆశ్రమంలో కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించింది రవిశంకర్ మహారాజ్, అంటే సర్భోణ్ ఛావణీలో కూర్చున్న ఆ రవిశంకర్ వ్యాసే. ముఖ్యమంత్రి జీవరాజ్ మెహతా, వృత్తిరీత్యా డాక్టరు. గవర్నరు మన హైదరాబాద్ మనిషి, నవాబ్ మెహదీ నవాజ్ జంగ్, బూర్గుల మంత్రివర్గంలో పనిచేసినవాడు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అని రోజూ వందలమంది అడిగే ఆ మూడక్షరాలు ఆయన పేరే. స్పీకరు కల్యాణ్‌జీ వి. మెహతా. 132 మంది సభ్యులు. కొత్త రాష్ట్రానికి రాజధాని లేదు, సభకు భవనం లేదు. అహ్మదాబాద్‌లో సివిల్ ఆసుపత్రి భవనంలో సభ పెట్టుకున్నారు. డాక్టరు ముఖ్యమంత్రి, ఆసుపత్రి పేరైన గవర్నరు, ఆసుపత్రి గోడల మధ్య సభ.

అటు మహారాష్ట్రలో, పాత బొంబాయి సభ స్పీకరు సయాజీ సిలమ్ అదే కుర్చీలో కొనసాగాడు. ఇటు కల్యాణ్‌జీ కొత్త కుర్చీలో కూర్చున్నది మే 1 నుంచి ఆగస్టు 19 దాకా. నాలుగు నెలలైనా నిండలేదు. ఆ తర్వాత మాన్‌సింహ్‌జీ రాణా వచ్చాడు. రాష్ట్ర చరిత్ర పుస్తకాల్లో కల్యాణ్‌జీకి దక్కేది స్పీకర్ల పట్టికలో మొదటి వరుస, పక్కన రెండు తేదీలు. నాకైతే ఆ పట్టికలో ఆ మొదటి వరుస ఇంకోరకంగా కనపడుతుంది. 1911లో సూరత్‌లో ఒక హాస్టల్లో సాయంత్రం పూట పేర్లు పిలిచిన మనిషే 1960లో మాట్లాడటానికి సభ్యుల పేర్లు పిలిచాడు. స్పీకరు పని కూడా అదే కదా, గొడవ చేసేవాణ్ణి కూర్చోమనడం, చెయ్యెత్తినవాణ్ణి లేవమనడం.

ఇప్పుడు సూరత్‌లో మునిసిపాలిటీ నడిపే ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్ళిన పద్మశాలీల పిల్లలు లింబాయత్ వైపు అ ఆలు దిద్దుకునేది అక్కడే. ఆ బడుల సంగతి ఈ వరుసలో ముందు ముందు ప్రత్యేకంగా వస్తుంది.

అంతకంటే ముందు మరోలీ వెళ్ళాలి. కల్యాణ్‌జీ కుర్చీల కంటే ఎక్కువ కాలం గడిపింది సూరత్‌కు దక్షిణంగా ఉన్న ఆ ఊళ్ళోని కస్తూర్బా ఆశ్రమం పనుల్లో. దాన్ని నిలబెట్టింది బొంబాయిలో పెద్ద పార్సీ ఇంట పుట్టి, పట్టుచీరలు వదిలి బార్డోలీ ఊళ్ళు తిరిగిన మిఠుబెన్ పెటిట్. 1930 ఏప్రిల్‌లో భీమ్‌రాడ్ దగ్గర గాంధీ వంగి ఉప్పు తీస్తున్న ఛాయాచిత్రం మీరు చూసే ఉంటారు. వెనక నిలబడ్డ ఆవిడే. వచ్చే భాగం ఆమెది.